‘మీ ఇష్టం’ అనరాదు

బెల్లం దిమ్మ మంచిదో కాదో తేల్చడానికి నాకు పట్టే సమయం, చిన్న పలుకు గిల్లి నాలుక మీద వేసుకుంటే కరిగేంత. అనకాపల్లి మార్కెట్టులో నలభై ఏళ్లుగా అదే లెక్క. ఇంట్లో అంత కూడా పట్టదు. ముప్ఫై ఆరేళ్ల సంసారంలో మా ఆవిడ వరహాలమ్మను ఏది అడిగినా ఒకటే జవాబు: "మీ ఇష్టం." గోడల రంగు, పిల్లల చదువు, కాశీ ప్రయాణం, అన్నిటికీ అదే. ఈ ఏర్పాటులో లాభం, పని తొందరగా తెములుతుంది. నష్టం కూడా ఉందేమో నేనెప్పుడూ తూచి చూడలేదు.

మొన్న చైత్రంలో ఆవిడ గుండెలో ఒక రక్తనాళం పూడుకుపోతే విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లి స్టెంటు వేయించాం. ఆసుపత్రి పేరు చెప్పను. అక్కడ వైద్యం మంచిదే, స్టెంటు నిక్షేపంగా పడింది. చిక్కు ఆ తరవాత వచ్చింది, మాత్ర దగ్గర.

స్టెంటు పడ్డవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేస్తారు. అది అందరి ఒంట్లోనూ ఒకేలా పనిచెయ్యదట. జన్యువుల పరీక్ష చేస్తే, మా ఆవిడ విషయంలో ఆ మాత్ర వేసుకున్నా వేసుకోనట్టేనని తేలింది. బదులుగా రెండో మాత్ర ఒకటి ఉంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అది పనిచేస్తుంది గానీ, చిన్న దెబ్బ తగిలినా రక్తం కాస్త ఎక్కువ పోతుంది, కొందరికి ఆయాసం వస్తుంది. ఏదో ఒకటి తేలేదాకా ఇంజెక్షన్ల మీద నెట్టుకొస్తారు. తొందరగా తేలకపోతే కొత్త స్టెంటు మళ్లీ పూడుకుపోవచ్చు.

ఇదంతా చెప్పిన డాక్టర్ సుధాంశు గారు కుర్రవాడు. చెబుతున్నంతసేపూ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అటు తిరిగి చెబుతున్నారేటండీ?" అన్నాను.

"నా ముఖం మీకు కనపడకూడదండీ. ఏ మాత్ర గురించి చెప్పేటప్పుడు ముఖం ఎలా పెట్టానో చూసి పేషెంటు అటు మొగ్గొచ్చు. కొత్త రూలు."

"పోనీ, మీరు ఏది మంచిదంటారు?"

"అది నేను అనకూడదండీ," అంది వీపు.

మా ఆవిడ మంచం మీంచి ఆ వీపుకే దణ్ణం పెట్టింది. "మీ ఇష్టం బాబూ."

తలవైపు గోడ మీద ఎర్రదీపం వెలిగింది. దాని కింద బోర్డు ఉంది. "‘మీ ఇష్టం’ అనరాదు. ఇట్లు, రోగి స్వయంనిర్ణయ పరిరక్షణ విభాగం." నేను అది చదివేలోపే ఆ విభాగం నడుచుకుంటూ వచ్చేసింది. ఆయన పేరు విశ్వపతిరావు గారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్ట, ముఖంలో అపారమైన కరుణ.

"అమ్మా, తాము ఇప్పుడే ఒక పరాధీన వాక్యమును ఉచ్చరించినట్లు మా దృష్టికి వచ్చినది."

"నానేటీ అన్లేదు బాబూ," అంది వరహాలమ్మ కంగారుగా. "డాక్టరు బాబు ఇష్టం అన్నాను, అంతే."

"రెండవది," అని అట్ట మీద గీత గీశారాయన. "రోగి దేహము రోగిది. నిర్ణయము రోగిది. ఇందు వైద్యునికి గాని, నర్సుకు గాని, బంధువర్గమునకు గాని ప్రవేశము లేదు. మూడు పరాధీన వాక్యములు నమోదైనచో తమను స్వయంనిర్ణయ శిక్షణ తరగతికి పంపవలసి ఉండును. అవగతమైనదా?"

న్యాయంగా చెప్పాలంటే, ఆయన మాట నాకు నచ్చింది. నా దిమ్మకు ఇంకొకడు ధర చెబితే నాకూ ఒళ్లు మండుతుంది.

"అలాగే బాబూ, మీరెలా చెబితే అలాగే," అంది మా ఆవిడ.

మూడో గీత పడింది.

మర్నాడు పదకొండింటికి శిక్షణ. క్యాంటీను పైన హాలు. ఇరవై మంది రోగులు, కొందరు చక్రాల కుర్చీల్లో, కొందరు సెలైను స్టాండ్లతో. నేను మా ఆవిడ కుర్చీ తోసుకెళ్లి వెనక నిలబడ్డాను. విశ్వపతిరావు గారు వేదిక ఎక్కి గొంతు సవరించుకున్నారు.

"అందరూ నేను చెప్పినట్లు చెప్పవలెను. ‘నేను ఎవరు చెప్పినట్లునూ వినను.’"

"నేను ఎవరు చెప్పినట్టూ వినను," అన్నారు ఇరవై మందీ ఒక్క గొంతుతో. తప్పు, పంతొమ్మిది మంది. వెనక వరసలో చోడవరం నుంచి వచ్చిన ఒక ముసలాయన నోరు విప్పలేదు.

"తాతగారూ, తమరు అనలేదేమి?"

"నాకు అనాలని లేదు," అన్నాడాయన.

ఆయన తప్పాడు. మిగతావాళ్లందరూ పాసు.

తరవాత ప్రయోగ పరీక్ష. కాఫీయా, టీయా, ఎవరికి వాళ్లు స్వేచ్ఛగా ఎంచుకోవాలి. మొదటి వరసలో మొదటావిడ కాఫీ అంది. రెండో ఆయన "నాకూ అదే" అన్నాడు. మూడో ఆయన "నాకూ" అన్నాడు. అలా వరసగా పదకొండు ‘నాకూ’లు వచ్చేసరికి విశ్వపతిరావు గారి అట్ట మీద గీతలకు చోటు చాలలేదు. మా ఆవిడ వంతు వచ్చింది.

"ఏది ఎక్కువుంటే అది పొయ్యండి బాబూ. పారబొయ్యడం దేనికి?"

ఆయన పత్రం అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "ఈ సమాధానమునకు ఇందులో గడి లేదు," అన్నారు దిగులుగా. మర్నాడు కూడా రమ్మన్నారు.

ఇలా మూడు రోజులు గడిచాయి. ఇంజెక్షన్లతో ఆవిడ పొట్ట మీద చర్మమంతా నేరేడుపళ్ల రంగుకు తిరిగింది. నేను ఊరుకోలేక చెవిలో చెప్పాను: "రెండోదే అను వరాలూ. నేను చెబుతున్నాను."

"మీ ఇష్టం," అంది. ఎర్రదీపం.

ఇప్పుడు ఎస్తేరు సిస్టరు సంగతి. ఆ వార్డులో పద్దెనిమిదేళ్లుగా నర్సు. కొత్త రూలు ప్రకారం నర్సులు సమాచార పత్రం చదివి వినిపించవచ్చు, గొంతులో హెచ్చుతగ్గులు ఉండకూడదు, రోగి దగ్గర కూర్చోకూడదు. కూర్చోవడం వల్ల చనువు, చనువు వల్ల ప్రభావం. నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ వచ్చి నాలుగు పేజీల పత్రాన్ని రైల్వే స్టేషనులో మైకులాగా చదివింది. చదివేసి, మడిచి తలగడ కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"రూలు అయిపోయింది. ఇప్పుడు చెప్పండమ్మా, ఏటి అర్థమైంది?"

"ఏటీ అవలేదు తల్లీ. నువ్వు మాత్రం బాగా చదివావు."

సిస్టరు నవ్వింది. "మీది బెల్లం ఇల్లు కదా. పాత మాత్ర చెరకు రసం అనుకోండి. రసం రసంలాగే ఉంటే పనికిరాదు. మన ఒంట్లో పొయ్యి మీద కాగి బెల్లం కట్టాలి, అప్పుడే పని. మీ ఒంట్లో ఆ పొయ్యి మందం. రసం రసంగానే పోతంది."

"మరి రెండోదో?"

"అది దిమ్మ కట్టే వస్తాది. పొయ్యితో పని లేదు. కాకపోతే ఇందాకా చదివాను కదా, రక్తం తొందరగా ఆగదు. కొంతమందికి ఆయాసం."

మా ఆవిడ లేచి కూర్చుంది. నలభై ఏళ్లు బెల్లం అమ్మినవాణ్ని, నాకు తట్టలేదు ఈ ముక్క.

"పొయ్యి ఎందుకు మందమైపోయింది తల్లీ? నానేటి తప్పు చేశాను?"

"మీ తప్పు కాదమ్మా. పుట్టుకతోటే అంత. అమ్మానాన్నల నుంచి వచ్చినది."

వరహాలమ్మ మాట్లాడలేదు. సిస్టరు కూడా మాట్లాడలేదు. బేరంలో ఇలాంటి మౌనం నాకు తెలుసు, ముందు నోరు విప్పినవాడు నష్టపోతాడు. కానీ ఈ సిస్టరు బేరమాడుతున్నట్టు లేదు. ఊరికే కూర్చుంది, ఇంక ఏ పనీ లేనట్టు.

"అయితే మా తమ్ముడికీ ఉంటాదా?" అంది చివరికి మా ఆవిడ.

"ఉండొచ్చు, లేకపోవచ్చు. పరీక్ష చేస్తేగాని తెలీదు."

"ఆడికీ స్టెంటు ఏసేరు. మొన్న దీపావళికి. ఆ రసం మాత్రే మింగుతున్నాడు."

నేను అడ్డుపడ్డాను. "ఇప్పుడు వాడి గొడవ ఎందుకు వరాలూ?"

ఆ గొడవ ఏమిటో చెప్పాలి. నా బావమరిది మహలక్ష్మినాయుడి దుకాణం మార్కెట్టులో నా దుకాణానికి ఎదురుగానే ఉంటుంది. పదకొండేళ్ల కిందట వేలంపాటలో, వందమంది వింటుండగా, నా బెల్లానికి ఆ పసుపు రంగు హైడ్రోసు అనే రసాయనం కలపడం వల్లే వచ్చిందన్నాడు. కలిపానా లేదా అన్నది ఇక్కడ అనవసరం. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. "వాళ్ల గుమ్మం తొక్కడానికి వీల్లేదు" అన్నాను. "మీ ఇష్టం" అంది మా ఆవిడ. ఒప్పుకుందనే అనుకున్నాను. వాడికి స్టెంటు వేసినప్పుడు కూడా ఆవిడను వెళ్లనివ్వలేదు.

సిస్టరు నా వైపు తిరిగింది. "నాయుడుగారూ, మీరలా వెళ్లి టీ తాగి రండి."

"నేనా? భర్తనండీ."

"అందుకే."

వెళ్లాను. టీ తాగాను. తలుపు ఓరగా ఉంటే సందులోంచి చూశాను. సిస్టరు వింటోంది. మాట్లాడుతున్నది మా ఆవిడ. చేతులు తిప్పుతోంది, వేళ్లు మడిచి ఏవో లెక్కపెడుతోంది, మధ్యలో ఒకసారి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇంటికి నలుగురు చుట్టాలొచ్చినా అన్ని మాటలు ఆవిడ నోట నేను వినలేదు.

"నువ్వైతే ఏటి చేస్తావే తల్లీ?" అని అడగడం మాత్రం వినిపించింది.

"అడిగారు కాబట్టి చెప్తున్నాను. నేనైతే రెండోదే ఏసుకుంటాను. కానీ నేను కత్తిపీట ముందు కూర్చోను, మీరు కూర్చుంటారు. అది మీరు చూసుకోవాలి."

నేను లోపలికి వెళ్లేసరికి మా ఆవిడ తేల్చేసింది.

"నాకు రెండోదే కావాలి. కత్తిపీట తెగితే గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకుంటాను. ఆయాసం వస్తే సిస్టరుకి ఫోను చేస్తాను. ఇంకోటి కూడా ఉంది, అది తరవాత చెప్తాను."

హమ్మయ్య అనుకున్నాను. ఆ సాయంత్రమే విశ్వపతిరావు గారు వచ్చారు. ముందు సిస్టరు చేతిలో రెండు మెమోలు పెట్టారు. ఒకటి స్టూలు మీద కూర్చున్నందుకు. రెండోది ‘అనుమతి లేని ఉపమానము’ వాడినందుకు. బెల్లాన్ని విభాగం ఆమోదించలేదట. తరవాత మా వైపు తిరిగారు.

"తమ ఎంపికకు హృదయపూర్వక అభినందనలు. కాని అమలు చేయుటకు వీలు పడదు."

"ఎంచేతండీ?" అన్నాను.

ఆయన ఓపిగ్గా చెప్పారు. ప్రతి కేసులోనూ డాక్టరు తన అసలు అభిప్రాయం కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి విభాగానికి ఇవ్వాలి. రోగి చెప్పాక కవరు విప్పి, చదివి వినిపించి, నిర్ణయం మళ్లీ ఒకసారి అడుగుతారు. పోయిన మూడు నెలల కవర్లు తీసి చూస్తే, నూటికి తొంభై మంది రోగులు డాక్టరు మనసులో ఉన్నదే కోరుకున్నట్టు తేలింది. ఇంతకంటే పరాధీనతకు నిదర్శనం ఏం కావాలి? స్వతంత్రబుద్ధి ఉన్నచోట సగం మంది అవునంటారు, సగం మంది కాదంటారు. అందుచేత ప్రతి వార్డుకూ నెలకింతమందే డాక్టరుతో ఏకీభవించాలని హద్దు పెట్టారు. గుండె వార్డుకు ఈ నెల ఏకీభావాలు అయిపోయాయి. మా డాక్టరు కవరులో ఉండేదీ రెండో మాత్రేనని ఆయన అంచనా.

"ఈ రోజు పంతొమ్మిది. ఒకటవ తారీకు వరకు వేచియుండవచ్చును. లేదా మొదటి మాత్రను ఈ క్షణముననే స్వేచ్ఛగా ఎంచుకొనవచ్చును."

"మొదటిది పనిచెయ్యదు కదండీ!"

"పనిచేయుట, చేయకుండుట వైద్యవిషయము. మాది స్వేచ్ఛ."

ఆయన వెళ్లాక డాక్టరు గోడతో చెప్పాడు, ఇంజెక్షన్లతో పన్నెండు రోజులు లాగడం తనకు ధైర్యం చాలదని. మా ఆవిడ దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నేను మార్కెట్టు మనిషిని. సీలు కవరు అన్న మాట దగ్గరే నా ధ్యాస నిలిచిపోయింది.

"డాక్టరుగారూ, కవరు ఇచ్చేశారా?"

"లేదండీ. రేపు మూడింటికి ఇవ్వాలి."

"అందులో మొదటి మాత్రే మంచిదని రాయండి. ఈవిడ కాదంటుంది. విభేదం అవుతుంది. హద్దు అడ్డురాదు."

డాక్టరు మొదటిసారి మా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పాపం నిద్ర లేనట్టుంది. "నా చేత్తో తప్పు వైద్యం రాయమంటారా?"

"ఆ కవరు ఎక్కడుంటాది సార్?" అని అడిగింది ఎస్తేరు సిస్టరు.

"విశ్వపతిరావు గారి బీరువాలో. వైద్యానికి దాంతో సంబంధం లేదు."

"అయితే కేసుషీటులో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి. పాత మాత్ర మీద ఎర్ర సిరాతో అడ్డగీత పెట్టండి. లేకపోతే డ్యూటీ మారిన పిల్ల ఎవరైనా అదే వేసేస్తాది." తరవాత నా వైపు చూసింది. "ఒకటుంది నాయుడుగారూ. రేపు ఆయన ముందర డాక్టరుగారి మాట కాదనాల్సింది అమ్మ. అనగలరా?"

అది నేను లెక్క వెయ్యలేదు. నా పథకమంతా నిలబడ్డది ఒక్క దిమ్మ మీద, ఆ దిమ్మ ముప్ఫై ఆరేళ్లుగా ఎవరినీ కాదనలేదు. రేపు అలవాటుగా "మీ ఇష్టం బాబూ" అందంటే మళ్లీ శిక్షణ, మళ్లీ ఒకటో తారీకు.

మర్నాడు మూడింటికి అందరం మంచం చుట్టూ నిలబడ్డాం. విశ్వపతిరావు గారు సీలు విప్పి చదివారు.

"‘ఈ రోగికి మొదటి మాత్రయే శ్రేయస్కరమని నా అభిప్రాయము.’ అమ్మా, వైద్యుని మనోగతము ఇది. తమ నిర్ణయమేమి?"

డాక్టరు గోడ వైపే ఉన్నాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. మా ఆవిడ ఆ వీపు వైపు చూసింది, నా వైపు చూసింది, రెండు చేతులూ దణ్ణానికి లేచాయి. పెదవులు కలిశాయి. "మీ..."

నేను కళ్లు మూసుకున్నాను.

"మీ అందరికీ దణ్ణం. పాత మాత్ర నాకొద్దు. నా ఒంట్లో పొయ్యి మందం. డాక్టరు బాబు నాలుగు చదువులు చదివినాడు, కోపం వస్తే వచ్చింది, నాకు రెండోదే ఇయ్యండి."

"విభేదము!" అన్నారు విశ్వపతిరావు గారు. అట్టను గుండెకు హత్తుకున్నారు. "సుస్పష్టమైన విభేదము!"

"ఆగండి బాబూ, అవలేదు. మా తమ్ముడు మహలక్ష్మినాయుడికి ఫోను చేసి, ఈ పరీక్ష చేయించుకోమని చెప్పాలి. రక్తం నాది, పరీక్ష నాది, ఎవుళ్లకి చెప్పాలన్నది కూడా నాదే. మా ఆయనకి ఇష్టం ఉండదు. నాకుంది."

విశ్వపతిరావు గారు మహదానందంగా ఆఖరు పేజీ తిప్పి నా చేతికిచ్చారు.

"ఇందు సంతకము చేయవలెను."

చదివాను. "రోగి ఎవరి ప్రమేయమూ లేకుండా తన నిర్ణయములను తానే తీసుకొనుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. భర్త లేక తండ్రి సంతకం."

"నేను పెట్టకపోతే?"

"భర్త అనుమతి లేనిదే స్వయంనిర్ణయము చెల్లదు కదా!" అన్నారాయన, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

కలం నా చేతిలో ఉంది. ఇలాంటి అదను వ్యాపారికి ఊరికే రాదు. మాత్ర వరకే పెడతాను, తమ్ముడి సంగతి కొట్టెయ్యమంటే కొట్టేస్తారు. పదకొండేళ్ల పంతం నిలబడుతుంది. అడుగుదామని మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నన్ను చూడటం లేదు. ఎస్తేరు సిస్టరుకు ఫోను నంబరు చెబుతోంది. పది అంకెలు, కాగితం లేదు, తడుముకోవడం లేదు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నా ముందు నొక్కని నంబరు.

సంతకం పెట్టేశాను.

"సంతోషము. చివరి ప్రశ్న. శ్రీమతి గారి రెండు నిర్ణయముల పట్ల తమ అభిప్రాయమేమి?"

"ఆవిడ ఇష్టమండీ."

గోడ మీద ఎర్రదీపం వెలిగింది. విశ్వపతిరావు గారు అట్ట తీశారు. "నిబంధన సహాయకులకు కూడా వర్తించును. వారికి ఒక్క వాక్యమునకే శిక్షణ," అన్నారు విచారంగా.

రెండో మాత్ర ఆ సాయంత్రమే మొదలైంది. ఆయాసం రాలేదు. మా కిటుకు వార్డంతా పాకి, డాక్టర్లందరూ కవర్లలో తాము వద్దనుకున్నదే రాయడం మొదలుపెట్టారు. విభేదం నూటికి నూరు అయింది, విశ్వపతిరావు గారికి శాలువా కప్పారు. ఎస్తేరు సిస్టరుకు మరో మెమో వచ్చింది, స్టూలు గురించే.

మహలక్ష్మినాయుడు ఫోను అందుకున్న మర్నాడే దిగాడు. అక్క మంచం దగ్గర గంటసేపు కూర్చున్నాడు, నేను వరండాలో ఉన్నాను. పరీక్షలో వాడి పొయ్యీ మందమేనని తేలింది. ఏ మాత్ర కావాలని డాక్టరు గోడను అడిగితే "మీ ఇష్టం బాబూ" అన్నాడట. అదీ పుట్టుకతో వచ్చిందే అయ్యుంటుంది. సిస్టరు స్టూలు వేసుకుని మళ్లీ బెల్లం కథ చెప్పి, వాడి చేత వాడి మాట చెప్పించింది. మాత్ర మారింది గానీ, గీతలు మూడూ అప్పటికే పడిపోయాయి.

శనివారం పదకొండింటికి శిక్షణకు వెళ్తే హాలు నిండిపోయి ఉంది. ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే, వాడి పక్కది. కూర్చున్నాను. ఇద్దరం ఎదురుగా గోడ చూస్తూ, ‘ఎవరు చెప్పినట్టూ వినను’ అని గట్టిగా చెప్పాం. తరవాత ట్రే వచ్చింది.

"కాఫీయా, టీయా? స్వేచ్ఛగా ఎంచుకొనుడు," అన్నారు విశ్వపతిరావు గారు వాడితో.

వాడు కాసేపు చేతివేళ్లు చూసుకున్నాడు. "బావ ఏది తాగితే నాకూ అదే."

అట్ట మీద గీత పడింది. ఆయన నా వైపు తిరిగారు. నేను పుట్టి బుద్ధెరిగాక టీ తప్ప తాగలేదు. వాడికి టీ వాసనే పడదు, పెళ్లయిన కొత్తలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా వాళ్లక్క వాడికి విడిగా కాఫీ కలిపేది.

"కాఫీ," అన్నాను.

ఇద్దరం తప్పాం. సోమవారం పదకొండింటికి మళ్లీ రమ్మన్నారు. ఇద్దరం ఒకే బస్సులో వస్తాం.